పుష్కలం అంటే ఎన్ని ఎంఎల్?

నేను నర్సుగా ముప్ఫై నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. చివరి ఇరవై ఒక్క ఏళ్ళు ఘాజియాబాద్‌లో ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. 2006 ఆగస్టు 31, గురువారం నాడు రిటైరయ్యాను. శాలువా కప్పారు, ఫొటో తీశారు. వాటి గురించి రాయను. ఎప్పుడు స్టాఫ్ నర్సునయ్యాను, ఎప్పుడు వార్డ్ సిస్టర్నయ్యాను అన్నది కూడా ఎవరికీ పనికిరాదు.

ఏలూరు నుంచి, తెనాలి నుంచి, నర్సాపురం నుంచి మన ఆడపిల్లలు ఇప్పటికీ నర్సులుగా ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కన చేరి, "ఆంటీ, ఇక్కడ పని ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. ఒక్క మాట పట్టుకుని చెబుతాను. ఆ మాట పుష్కలం. దాని మీద నాకు కోపం. వయసు పెరిగితే కోపం తగ్గుతుందని అందరూ అంటారు. ఆ కోపం వచ్చి నాలుగేళ్ళు దాటింది, నాకు తగ్గలేదు.

అలేయమ్మ గారి ప్రశ్న

1972 జులైలో ఢిల్లీలో నా మొదటి ఉద్యోగంలో చేరాను. అక్కడి మేట్రన్ అలేయమ్మ గారు, మలయాళీ. నాలుగేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. నాకు పని నేర్పింది మాత్రం ఆవిడే.

వార్డులో ప్రతి రోగి మంచానికీ ఒక చార్టు ఉంటుంది. ఒక గడిలో రోగి లోపలికి ఎంత ద్రవం వెళ్ళిందో, రెండో గడిలో ఎంత బయటికి వచ్చిందో రాయాలి. చేరిన మూడో వారంలో ఒక రోగి చార్టులో మూత్రం గడిలో "గుడ్" అని రాశాను. అలేయమ్మ గారు పిలిచారు.

"గుడ్ అంటే ఎన్ని ఎంఎల్?" అని హిందీలో అడిగారు.

"బాగానే వచ్చింది సిస్టర్."

"బాగా అంటే ఎన్ని ఎంఎల్? డాక్టరు ఇప్పుడు నీ గుడ్‌లోంచి ఏం తీసివెయ్యాలి? దేన్ని కూడాలి?"

ఆ రోజు డ్యూటీ అయ్యాక నన్ను ఇంటికి పంపలేదు. వార్డులో ఉన్న గిన్నెలన్నీ తెప్పించి కొలజాడీతో ఒక్కొక్కటీ కొలిపించారు. స్టీలు గ్లాసు రెండు వందల నలభై. టీ కప్పు నూట ఇరవై. పప్పు గరిటె ఎనభై. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు. ఆ అంకెలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

తర్వాత వచ్చిన అధికారులు వేరే రకం. 2002లో మా ఆసుపత్రికి తనిఖీ వచ్చింది. గ్లవుజులు ఎన్ని ఉన్నాయని తనిఖీ ఆయన అడిగాడు. మా మెడికల్ సూపరింటెండెంట్ నా కంటే ముందు నోరు తెరిచి, "సబ్ భర్‌పూర్ హై," అన్నాడు, అన్నీ పుష్కలంగా ఉన్నాయని. నేను, "నలభై ఆరు జతలు, రేపు మధ్యాహ్నం దాకా వస్తాయి," అన్నాను. సూపరింటెండెంట్ నా వంక చూసిన చూపు సరేసరి. తనిఖీ ఆయన పుస్తకంలో ఏం రాసుకున్నాడో తొంగి చూశాను. భర్‌పూర్ అని రాసుకున్నాడు.

ఇలాంటి మాటలు ప్రతి భాషలోనూ ఉన్నాయి. అవి పెద్దవాళ్ళకు ఎంతో ఉపయోగం. ఎవరూ అబద్ధం చెప్పినట్టు ఉండదు, ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు.

నేను రాసిన కాగితం

ఇక నా తప్పు. 2004 ఏప్రిల్‌లోనే ఎండలు మండిపోయాయి. వడదెబ్బ కేసులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో హిందీలో ఒక కాగితం అచ్చువేసి పంచుతున్నారు. అందులో "ఖూబ్ పానీ పియేఁ" అని, అంటే నీళ్ళు బాగా తాగండి అని ఉంది. మా వైపు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి తెలుగులో కూడా ఒకటి రాసిమ్మని సూపరింటెండెంట్ నన్ను అడిగాడు. నాకు సంతోషం వేసింది. అది దాచను.

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాశాను. ఖూబ్ అన్న మాటకు "బాగా" అని రాసి కొట్టేశాను. "ఎక్కువగా" అని రాసి కొట్టేశాను. చివరికి "ఎండాకాలంలో నీళ్ళు, మజ్జిగ పుష్కలంగా తాగండి. దాహం వేయకపోయినా తాగండి," అని రాశాను. చదువుకుంటే నిండుగా, అందంగా ఉంది. మూడు దశాబ్దాల పైగా ఎంఎల్ లెక్క రాసిన చేత్తో, తెలుగు రాయమనేసరికి అందం చూసుకున్నాను. రెండు వందల కాగితాలు అచ్చయ్యాయి. మా పాస్టరు గారు చదివి, "ఎంత చక్కటి తెలుగు సిస్టర్," అన్నారు. ఆ మాటకు కూడా పొంగిపోయాను.

మే 9, ఆదివారం. ఘాజియాబాద్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని తెలుగు ఆరాధన జరుపుకుంటాం. అది ముగిశాక నేనే తలుపు దగ్గర నిలబడి కాగితాలు పంచాను. నూట పన్నెండు పంచాను. కాగితం తీసుకున్నవాళ్ళలో సుందరమ్మ గారు ఉన్నారు.

సుందరమ్మ గారిది ఏలూరు దగ్గర పల్లె. వయసు అరవై మూడు. కొడుకు ప్రసాద్ ఢిల్లీ అశోకా రోడ్‌లో ఒక గెస్ట్ హౌస్ క్యాంటీన్‌లో ఆంధ్రా భోజనం వండుతాడు. ఆవిడ గుండె బలహీనపడి మా వార్డులోనే పదకొండు రోజులు ఉండి ఏప్రిల్ 28న ఇంటికి వెళ్ళారు. అలాంటి గుండెకు నీళ్ళు బరువు. రోజుకు వెయ్యి ఎంఎల్ మించకూడదని డాక్టరు ఇంగ్లీషులో కాగితం మీద రాశాడు. నోటితో మాత్రం కొడుకుకు, "పానీ కమ్ దేనా," అని చెప్పి పంపాడు, నీళ్ళు తక్కువ ఇవ్వమని.

మా వార్డులో రాయని ఆనవాయితీ ఒకటి ఉంది. తెలుగు రోగి ఇంటికి వెళ్ళే రోజు నేను మంచం పక్కన కూర్చుని డాక్టరు రాసిందంతా తెలుగులో చెప్పి పంపుతాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు, కానీ అందరూ దాని మీదే ఆధారపడ్డారు. ఏప్రిల్ 28న నేను సెలవులో ఉన్నాను. కాబట్టి వెయ్యి అన్న అంకె ఆవిడ చెవిన పడనే లేదు. "కమ్" అన్నది పడింది.

తలుపు దగ్గర కాగితం తీసుకుని చదువుకుని ఆవిడ మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. వెనకాల జనం తోసుకుంటున్నారు.

"సిస్టరమ్మా, ఇది నాక్కూడానాండి?"

"అందరూ తాగాలమ్మా. ఎండలు చూస్తున్నారుగా," అన్నాను. ఆవిడ ముఖం చూశాను. ఏ రోగమో నాకు తెలుసు. చెయ్యి మాత్రం తర్వాతి మనిషికి కాగితం అందిస్తోంది.

ఇత్తడి చెంబు

మే 19, బుధవారం, పగలు పదకొండుకు ప్రసాద్ తల్లిని ఆటోలో తీసుకువచ్చాడు. కాళ్ళు తొడల దాకా వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే ఉన్నారు. తూకం వేశాను. ఇంటికి వెళ్ళిన రోజు యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఇప్పుడు అరవై ఒకటి. ఇరవై ఒక్క రోజుల్లో ఆరు కిలోల ఎనిమిది వందలు. మనిషికి కండ అంత త్వరగా పట్టదు. అదంతా నీళ్ళే.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నారమ్మా?"

"పుష్కలంగానే తాగేనండి," అన్నారు, ఆగి ఆగి.

"పుష్కలంగా అంటే?"

"చెంబుతోటి నాలుగండి. మజ్జిగ వేరేనండి."

ప్రసాద్ అందుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పేనండి ఆంటీ తక్కువ తాగమని. వింటేనా? డాక్టర్ సాబ్ కమ్ అన్నారు. నేనింట్లో ఉన్నంతసేపూ చెంబు దాచేసేవాణ్ణి. డ్యూటీకి పోతే ఈవిడ రాజ్యమే. ఆ కాయితం అందరికీ ఇచ్చింది, నీక్కాదు అంటే వినదు." తల్లి వైపు తిరిగాడు. "ఇప్పుడు కుదిరిందా నీ తిక్క?"

సుందరమ్మ గారు నా వంక చూశారు. తలుపు దగ్గర నన్ను అడిగినట్టూ, నేను తాగమన్నట్టూ కొడుకుతో ఒక్క ముక్క అనలేదు. నన్ను కాపాడుతున్నారని అప్పుడే అర్థమైంది. నేనూ నోరు విప్పలేదు. ఆక్సిజన్ పెట్టాను, సూది వేశాను, చార్టు రాశాను.

మర్నాడు ప్రసాద్‌ను చెంబు తెమ్మన్నాను. ఇత్తడిది, ఊరి నుంచి తెచ్చుకున్నది. కొలజాడీతో నీళ్ళు పోసి కొలిచాను. మెడ దాకా ఎనిమిది వందల యాభై ఎంఎల్. అక్కడ ప్లాస్టరు ముక్క అంటించి 850 అని రాశాను. నాలుగు చెంబులు మూడు వేల నాలుగు వందలు. మజ్జిగ కలపకుండానే మూడింతల పైన. ఎండాకాలం ఆవిడ ఊళ్ళో పుష్కలంగా తాగడం అంటే అంతే మరి. ఆవిడ కొలత తప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ప్రసాద్ మంచం పక్కన కూర్చుని మళ్ళీ తల్లిని తిట్టాడు. ప్రేమకొద్దీ తిట్టాడు, భయంకొద్దీ తిట్టాడు. మూడు మంచాల అవతల నిలబడి విన్నాను. శుక్రవారం కూడా తిట్టాడు. మే 22, శనివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సుందరమ్మ గారు పోయారు.

"మాట వినని పేషెంట్"

సోమవారం సూపరింటెండెంట్ నన్ను తన గదికి పిలిచాడు. ఫైలు ముందు ఉంది.

"జూన్ 14న డెత్ మీటింగ్ ఉంది సిస్టర్. ఇందులో మాట్లాడుకోవాల్సిందేమీ లేదు. నాన్ కంప్లయంట్. ఠీక్ హై?"

ఆసుపత్రిలో పోయినవాళ్ళ ఫైళ్ళు డాక్టర్లు కలిసి చూసే మీటింగ్ అది. నాన్ కంప్లయంట్ అంటే ఆసుపత్రి భాషలో చెప్పినట్టు చేయని రోగి అని అర్థం. ఆ రెండు మాటలూ అప్పటికే రాసి సంతకం పెట్టేశాడు.

"ఆవిడ చెప్పినట్టే చేసింది సార్. నా కాగితంలో ఉన్నట్టు చేసింది."

"కాగితం పబ్లిక్ కోసం. ఆర్డర్ ఫైల్లో ఉంది, వన్ లీటర్ అని. ఆమె పాటించలేదు."

"ఫైలు ఇంగ్లీషులో ఉంది. కాగితం తెలుగులో ఉంది. ఆవిడకి వచ్చింది తెలుగు ఒక్కటే. ఆ కాగితాలు వెనక్కి తీసుకుంటాను."

"అచ్ఛా? వెనక్కి తీసుకుంటే తప్పని ఒప్పుకున్నట్టు. వద్దు. ఎక్కడివక్కడ ఉండనీ."

ఇలాంటి అధికారులు మీకు చాలామంది తగులుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళలా కనిపించరు. పుట్టినరోజుకు వార్డుకు స్వీట్లు పంపుతారు. కాగితం మీద ఒక మాట పడితే ఇక మనిషి కన్నా ఆ మాటనే కాపాడతారు.

నేను వినలేదు. వార్డులో మిగిలిన ఎనభై ఎనిమిది కాగితాలు ఆ సాయంత్రమే తీసేశాను. తర్వాత మూడు ఆదివారాలు ఇంటింటికీ తిరిగాను. పంచిన నూట పన్నెండులో తొంభై ఏడు దొరికాయి. పదిహేను దొరకలేదు. ఆ పదిహేను ఎవరి ఇళ్ళలో ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అరవై నాలుగు పిడికిళ్ళు

అప్పట్లో మా మేడ మీద గదిలో లలిత అనే అమ్మాయి అద్దెకు ఉండేది. కరీంనగర్ పిల్ల. సివిల్స్‌కు తెలుగు సాహిత్యం తీసుకుని చదువుతోంది. ఆ అమ్మాయి దగ్గర పెద్ద నిఘంటువులు ఉన్నాయని తెలిసి జూన్ మొదటి వారంలో పైకి వెళ్ళాను.

"పుష్కలం అన్న మాట ఎక్కడిదో చూడమ్మా."

"మా దిక్కు మస్తు అంటం ఆంటీ. మస్తు నీళ్ళు, మస్తు ఎండ. గీ పుష్కలం మీ ఆంధ్రోళ్ళ ముచ్చట," అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపి పుస్తకం తీసింది.

ముందు మస్తు చూశాం. పారసీ నుంచి వచ్చింది. మొదటి అర్థం మత్తులో ఉన్న అని. కొల్లలు చూశాం. కొల్ల అంటే దోపిడి. దోచుకున్నప్పుడు దొరికేంత సొమ్ము కొల్లలు. బోలెడు చూశాం. బోలె ఒక పాత్ర, దాని నిండా పట్టేది బోలెడు. గంపెడు, చాటెడు, దోసెడు కూడా అదే తీరు. మన వాళ్ళకు ఒకప్పుడు ప్రతి సమృద్ధికీ ఒక గిన్నె ఉండేది. గిన్నె పగిలింది, మాట మిగిలింది.

చివరికి పుష్కలం. సంస్కృతం మాట. నిండైన, శ్రేష్ఠమైన, కావలసినంత అన్న అర్థాలు ముందు ఉన్నాయి. వాటి కింద ఇంకొకటి ఉంది. లలిత వేలు పెట్టి చదివింది. "ఇది కొలత ఆంటీ. ఎనిమిది పిడికిళ్ళయితే ఒక కుంచి. ఎనిమిది కుంచులయితే ఒక పుష్కలం."

"ఎన్ని?"

"అరవై నాలుగు పిడికిళ్ళు."

మన కుంచానికీ ఆ కుంచికీ చుట్టరికం ఉందో లేదో నాకు తెలియదు. తెలియనిది రాయను. కానీ ఆ మాటకు ఒకప్పుడు అంకె ఉందని తెలిసినప్పుడు నాకు వచ్చిన కోపం చెప్పలేను. కిందికి దిగి బియ్యం డబ్బా ముందు కూర్చున్నాను. నా పిడికిలితో అరవై నాలుగు సార్లు తీసి తూచాను. రెండు కిలోల మూడు వందల గ్రాములు. లలితను కూర్చోబెట్టి తీయించాను. కిలో తొమ్మిది వందలు. అదే పుష్కలం, రెండు చేతుల మధ్య నాలుగు వందల గ్రాముల తేడా. కొలత ఉన్న రోజుల్లో కూడా ఎవరి పిడికిలి అని అడగాల్సిందే.

ఆ పుటలోనే మరో అర్థం ఉంది. భిక్షగా వేసే నాలుగు ముద్దల అన్నాన్ని కూడా పుష్కలం అంటారట. నాలుగు ముద్దలు. పుచ్చుకునేవాడి కడుపుకు ఎన్ని కావాలో అక్కడ రాసి లేదు. లలిత, "గంతేనా?" అంది. నాకు మా సూపరింటెండెంట్, గ్లవుజుల పెట్టె గుర్తొచ్చాయి.

నా గడిలో నేను రాసింది

జూన్ 14, సోమవారం మీటింగ్‌కు ప్రసాద్ ఇచ్చిన చెంబు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. సుందరమ్మ గారి పేరు రాగానే దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఎవరో నవ్వారు.

"యే క్యా హై సిస్టర్?" అన్నాడు సూపరింటెండెంట్.

"నేను రాసిన కాగితానికి కొలత సార్. ఎనిమిది వందల యాభై. ఇలాంటివి నాలుగు. మందు అయితే ఎన్ని మిల్లీగ్రాములో రాయకుండా మీరు ఇవ్వరు, నేను తీసుకోను. నీళ్ళు ఆవిడకి విషంతో సమానం. దానికి నేను అంకె రాయలేదు, మీ డాక్టరు అంకె చెప్పలేదు. మాట విననిది ఎవరు?"

సూపరింటెండెంట్ తర్వాతి ఫైలు తెరిచాడు. ఆయన రాసిన రెండు మాటలు అలాగే ఉన్నాయి. డాక్టర్ల పేజీలో రాసే హక్కు నాకు లేదు. నర్సుల పేజీ నాది. మీటింగ్ అయ్యాక రికార్డు గదికి వెళ్ళి ఆ రోజు తేదీ వేసి రాశాను. "రోగి సూచన పాటించింది. సూచన తప్పు. తనకు వర్తిస్తుందా అని మే 9న రోగి అడిగింది. వర్తిస్తుందని చెప్పింది నేను." కింద సంతకం పెట్టాను. దానికి నాకు మెమో వచ్చింది. పేజీ చింపి కొత్తది రాయమన్నారు. రాయలేదు. ఆ ఫైలు ఇప్పటికీ రెండు పేజీలతోనూ ఉండాలి.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. డాక్టరు పుష్కలంగా అన్నా, కమ్ అన్నా, లిబరల్ అన్నా, పెన్ను తీసి ఎన్ని ఎంఎల్ అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. రోగి "నాక్కూడానా?" అని అడిగితే చేతిలో ఉన్న పని కింద పెట్టండి.

ఆ మీటింగ్ తర్వాతి శనివారం సెలవు పెట్టి అశోకా రోడ్ వెళ్ళాను. మధ్యాహ్నం రెండయింది, క్యాంటీన్‌లో రద్దీ తగ్గింది. ప్రసాద్ నన్ను కూర్చోబెట్టి విస్తరి వేశాడు. వద్దంటున్నా గరిటెతో అన్నం కుప్ప పోశాడు. పుష్కలం అన్న మాటకు తగిన చోటు అదొక్కటే. అక్కడ ఎంత పెట్టినా ఎవరి ప్రాణం మీదికీ రాదు.

తినలేదు. ఫైలులో రాసింది ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని వెళ్ళాను. చదివి వినిపించాను. అతను గరిటె పట్టుకునే ఉన్నాడు.

"మా అమ్మ మిమ్మల్ని అడిగిందా ఆంటీ?"

"అడిగింది."

"మీరు తాగమన్నారా?"

"తాగమన్నాను."

"మరి నేను తిడుతుంటే చెప్పలేదేంటండి అది?"

ఎవరిని అంటున్నాడో, తల్లినో నన్నో, నేను అడగలేదు. ఇద్దరమూ చెప్పలేదు. ఆవిడ చెప్పకపోవడం వేరు, నేను చెప్పకపోవడం వేరు. గరిటె కింద పెట్టి ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకోసారి చదవండి," అన్నాడు. చదివాను. పర్వాలేదని అతను అనలేదు. అనాల్సిన పని లేదు.

లేచేటప్పుడు సంచిలోంచి చెంబు తీసి ఇచ్చాను. దాని మెడకు నేను అంటించిన ప్లాస్టరు ఇంకా ఉంది. గోటితో తీసేయబోయాను.

"ఉంచండి ఆంటీ," అని చెంబు నా చేతిలోంచి తీసుకున్నాడు.